మా సంగం గుమ్మి

సంగం నలభై ఏళ్ల సంచికకు చరిత్ర రాసిపెట్టమని కమిటీ వాళ్లు అడిగినప్పుడు నేను ముందు మా అమ్మ దగ్గరికే వెళ్లాను. మొదట చేరిన పదిహేను మందిలో ఆమె ఒకతె. ‘ఎవరి పేరూ రాయకు బిడ్డా. ఒకరిది రాస్తవు, ఇంకొకరిది మరుస్తవు. మరిచినామె కడుపు నొచ్చుకుంటది’ అంది. అందుకే ఇందులో మా ఊరివాళ్ల పేర్లు లేవు, వరుసలే ఉన్నాయి. చదివే మా ఊరివాళ్లకు ఎవరు ఎవరో తెలుసు.

1983లో రెండు సంగతులు జరిగాయి. ఎన్.టి. రామారావు గారి ప్రభుత్వం కిలో రెండు రూపాయల బియ్యం తెచ్చింది. అదే ఏడు జహీరాబాద్ పక్కన పస్తాపూర్‌లో డీడీఎస్, అంటే డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మొదలైంది. రెండు రూపాయల బియ్యం ఎన్నో ఇళ్లలో ఆకలి తీర్చింది. ఆ మాట నేను కాదనను, మా ఇల్లూ అందులో ఒకటి. కానీ మా ఎర్ర చెలకల్లో వరి పండదు. బియ్యం దుకాణంలో దొరుకుతుంటే జొన్న ఎందుకు వేయాలి అనుకున్నారు జనం. సర్కారు ఇచ్చిన లావణి పట్టా కింద వచ్చిన ఎకరం, రెండెకరాలు రాళ్లు తేలి పడావు పడ్డాయి. కొర్రలు, సామలు, తైదలు ఒక్కొక్కటే కంచంలోంచి పోయాయి. తైదలంటే రాగులే. ఉత్తరాంధ్రలో చోళ్లంటారు. బిడ్డకు పాలిచ్చే తల్లికి మా అవ్వలు తైదల అంబలి ఎందుకు పోసేవాళ్లో చాలా ఏళ్ల తర్వాత పుస్తకంలో చూసి తెలుసుకున్నాను. వంద గ్రాముల తైదల్లో కాల్షియం 340 మిల్లీగ్రాములు దాటి ఉంటుంది. తెల్ల బియ్యంలో పది, అటూఇటూగా.

డీడీఎస్‌ను నిలబెట్టిన వాళ్లలో ముఖ్యుడు పి.వి. సతీష్ గారు. మైసూరు వైపు మనిషి, దూరదర్శన్‌లో పనిచేసి వచ్చారు. మొదట్లో సొసైటీ మగవాళ్లతోనే పని మొదలుపెట్టింది, అది నిలవలేదు. ఆడవాళ్లు, అందులోనూ భూమి తక్కువున్న దళిత ఆడవాళ్లు కూడినాకే సంగాలు నిలబడ్డాయి. తర్వాత డెబ్బై అయిదు దాకా ఊళ్లకు పాకి, దాదాపు అయిదువేల మంది సభ్యులయ్యారు. 2023 మార్చి 19న సతీష్ గారు పోయారు. ఆ రోజు మా అమ్మ పొయ్యి ముట్టించలేదు.

మా ఊళ్లో సంగం 1986లో పుట్టింది. పుట్టించింది ముగ్గురు.

మొదటిది మంత్రసాని అవ్వ. ఊళ్లో సగం మందిని ఆమె చేతులే భూమ్మీదికి తెచ్చాయి, నన్ను కూడా. పెద్దింటి కాన్పుకు పిలిస్తే పెరటి దారిన పోయి, పెరటి దారినే రావాలి. అయినా ఎవరింటికి పిలిచినా పోయేది. రెండోది చింతచెట్టు కింది చిన్నమ్మ. ఆమె మాట్లాడేది తక్కువ, లెక్క మాత్రం తప్పేది కాదు. అక్షరం రాని ఆ మనిషి గోడ మీద బొగ్గుగీతలు గీసి నెలనెలా అయిదేసి రూపాయల చిట్టీ నడిపింది. మూడోది విత్తనాల పెద్దమ్మ. ఈత బుట్టను పేడతో, ఎర్రమట్టితో అలికి ఎండబెట్టేది. అడుగున వేపాకు, నడుమ బూడిద కలిపిన గింజలు, పైన మళ్లీ వేపాకు వేసి మూతికి మట్టి మెత్తేది. ఊరంతా కొర్రలు మరిచిన ఏళ్లలో కూడా ఆమె ఏటా ఒక మూల నాలుగు సాళ్లు వేసేది. ఎందుకని మొగుడు తిడితే ‘విత్తనం సస్తే మల్ల యాడికెళ్లి తేవాలె’ అనేది. ఆ నాలుగు సాళ్ల గింజతోనే మా సంగం విత్తనం మొదలైంది. మానిక తీసుకుంటే పంట వచ్చాక రెండు మానికలు పోయాలని లెక్క పెట్టిందీ ఆమే. ఇప్పటికీ అదే లెక్క.

వారానికి ఒక రాత్రి సభ. కందిలి వెలుగులో, పని నుంచి వచ్చిన ఒంటితోనే కూచునేవాళ్లు. చిట్టీ లెక్క పది నిమిషాల్లో అయిపోయేది. తర్వాత ఎవరి దుఃఖం వాళ్లు చెప్పుకునేవాళ్లు. తాగొచ్చి కొట్టిన మొగుడు, కూతురికి కుదరని సంబంధం, కడుపులో నొప్పి. చెప్పుకోవడం అయ్యాక పాట అందుకునేవాళ్లు, లేచి కోలాటం ఆడేవాళ్లు. అమ్మ ఒళ్లో నిద్రపోతూ విన్న ఆ పాటలు ఇంకా చెవుల్లో ఉన్నాయి. ఇవాళ పట్నంలో మనసు బరువు దించుకోవడానికి డబ్బు కట్టి పోతున్నారని విన్నప్పుడల్లా ఆ కందిలి గుర్తొస్తుంది.

తర్వాత ఏడెనిమిదేళ్లు చిట్టీ, చెట్లు నాటడం, బాల్వాడీ, మళ్లీ చిట్టీ.

తొంభైల నడుమ పెద్ద పని వచ్చింది. కేంద్రం నుంచి సొమ్ము తెచ్చి డీడీఎస్ ముప్పై పైచిలుకు ఊళ్లలో రెండున్నర వేల ఎకరాలకు పైగా పడావు భూమిని సాగులోకి తెచ్చింది. ఆ సొమ్ము మాకు అప్పుగా వచ్చింది, తీర్చింది మాత్రం జొన్నలతో. ఆ జొన్నలన్నీ ఊరి గుమ్మిలో, అంటే గింజ నిల్వచేసే గాదెలో పడ్డాయి. గింజ పంచడానికి ఎవరు ఎంత బీదో ఆఫీసు చెప్పలేదు. ఊరివాళ్లే నేల మీద ముగ్గుతో ఇళ్లు గీసి, ఒక్కో ఇంటి ముందు నిలబడి వాదులాడి తేల్చారు. అందరికన్నా బీదవాళ్లకు ఎక్కువ గింజ, తక్కువ ధర. మా పొలంలో రాళ్లు ఏరడానికి ఎండాకాలమంతా పట్టింది. మా అమ్మ అరచేతులు ఇప్పటికీ గరుకే.

ఆ గుమ్మి విలువ తెలిసింది 2002లో. ఆ జూలైలో దేశమంతటికీ కురవాల్సిన వానలో సగం కూడా కురవలేదు. మృగశిరకు వేసిన విత్తనం మొలకలోనే మాడింది. మళ్లీ వేశారు, మళ్లీ మాడింది. బోర్లు నమ్ముకుని పత్తి పెట్టినవాళ్ల పని ఇంకా అన్యాయం. అప్పుల బాధకు మా వీధిలో ఒకాయన ప్రాణం తీసుకున్నాడు. ఇద్దరు పసిపిల్లలతో ఆయన భార్య మూలన కూచుండిపోయింది. తినదు, ఏడవదు, పలకదు. సంగం వంతులు వేసుకుంది. ప్రతి రాత్రి ఒకామె ఆ ఇంట్లో పడుకోవాలి, పొద్దున గటక వండి పిల్లలకు పెట్టి, ఆమెకు నోట్లో ముద్ద పెట్టి రావాలి. సంక్రాంతి దాకా ఒక్క రాత్రి కూడా వంతు తప్పలేదు. కలుపుకు తోడు రమ్మని మెల్లగా చెలకలోకి తీసుకుపోయారు. ఆమె ఇప్పుడు మా సంగం పెద్దల్లో ఒకతె. ఈ సంచికకు మొదటి చందా ఆమెదే.

ఆ కరువులో గుమ్మి తెరిచిన రోజున గొడవ జరిగింది. బీదిళ్లకు కొలిచాక, పెద్దింటి నుంచి మనిషి వచ్చాడు. వాళ్ల గరిసె కూడా ఖాళీయే. ‘మనల్ని బాయి గట్టు తొక్కనియ్యనోళ్లకా?’ అని సగం మంది లేచారు. చిన్నమ్మ కూడా వద్దంది. మంత్రసాని అవ్వ ఏమీ అనలేదు. మానిక చేతిలోకి తీసుకుని, ఇంటాయన స్వయంగా వస్తేనే కొలుస్తానని కబురు పంపింది. ఆయన వచ్చాడు. మా వాడకు, ముందు దారినే వచ్చి, అందరితో పాటు వరుసలో నిలబడ్డాడు. అందరికీ కొలిచినట్టే కొలిచింది. మా ఊళ్లో ఇంతకన్నా పెద్ద సంగతి నేను చూడలేదు.

పాత పంటల జాతర గురించి అందరికీ తెలిసిందే. ఏటా సంక్రాంతికి బయల్దేరే ఎడ్ల బండ్లు, బండ్ల నిండా విత్తనాల బుట్టలు, వెనుక ఊరూరా నెల రోజుల నడక. డెబ్బై ఏళ్ల అవ్వలు కూడా నడిచేవాళ్లు. మాచునూరు రేడియో సంగతి మాత్రం చెప్పాలి. ప్రసారానికి అనుమతి దొరకని ఏళ్లలో మనవాళ్లు క్యాసెట్లలో రికార్డు చేసి సంగాల్లో వినిపించారు. 2008 అక్టోబరు 15న సంగం రేడియో గాలిలోకి వచ్చింది. దాన్ని నడిపిన జనరల్ నర్సమ్మ, అల్గోల్ నర్సమ్మ గొంతులు మా ఇళ్లలో చుట్టాల గొంతులయ్యాయి. 2019లో డీడీఎస్ సంగాలకు ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం వారి ఈక్వేటర్ బహుమతి వచ్చింది.

ఇక పని చేసినవాళ్లు, ఇచ్చినవాళ్లు. గుమ్మికి నేల ఇచ్చిన కుమ్మరి తాత, తలుపు చేసిచ్చిన వడ్ల మామ, బాల్వాడీలో ఇరవై ఏళ్లు వండిన అక్కలు ఇద్దరు, జాతరకు ఏటా ఎడ్లు కట్టిన ముగ్గురన్నదమ్ములు, లెక్కలు రాసిపెట్టిన బడి సార్లు, ఈ సంచిక అచ్చుకు కాగితం ఖర్చు భరించిన కిరాణా దుకాణం అన్న, దుబాయి నుంచి డబ్బు పంపిన పిల్లలు, గురుగు, తుమ్మి, గంగవాయిలి కూరలు ఏరి తెచ్చి నలభై ఏళ్ల పండుగకు వండిపెట్టిన ఎగువ వాడ వదినలు. అందరికీ దండాలు.

ఒక మాట రాయవద్దని కమిటీలో ఒకరిద్దరన్నారు. రాస్తున్నాను. 2023ను చిరుధాన్యాల సంవత్సరమని ప్రపంచమంతా చేసుకుంది. పట్నంలో ఒక పెద్ద సభకు మా ఆడవాళ్లను పిలిచారు. తెల్లారకముందే పోయి పొయ్యిల ముందు కూచుని వందల జొన్నరొట్టెలు కొట్టారు. వేదిక మీద మాట్లాడినవాళ్లలో గింజ నాటినవాళ్లు ఒక్కరు లేరు. విత్తనాల పెద్దమ్మ మధ్యాహ్నం దాకా ఎండలో నిలబడి, తిరుగు బస్సెక్కి, దారంతా ఒక్క మాట మాట్లాడలేదు. మరుసటేడు పోయింది. 2013లో ఆహార భద్రత చట్టం వచ్చినప్పుడు అందులో కిలో రూపాయికి ముతక ధాన్యం అని రాశారు. మా రేషన్ దుకాణంలో ఇప్పటిదాకా ఒక్క జొన్న గింజ నేను చూడలేదు. 2025 ఉగాది నుంచి సన్నబియ్యం వస్తోంది. పట్నంలో కొర్రలు అందమైన సంచుల్లో అమ్ముతున్నారు, మా కోడళ్లు మాత్రం పెళ్లిలో జొన్నరొట్టె పెడితే చిన్నతనమనుకుంటున్నారు. రాత్రి సభకు ఇప్పుడు వచ్చేవాళ్లు తొమ్మిది మంది. అందులో నలభై లోపు వయసువాళ్లు ఇద్దరే.

పెద్దమ్మ బుట్టలు మా అమ్మ దగ్గరున్నాయి. కొర్ర, సామ, తైద, తెల్ల జొన్న, పచ్చ జొన్న, ఇంకా కొన్ని. కావలసినవాళ్లు మృగశిర కార్తెకు ముందే రండి, కోడళ్లను వెంటబెట్టుకుని రండి. మానిక ఇస్తాం. పంట వచ్చాక రెండు మానికలు పోయాలి.