చేప ఒడ్డు వారనే ఉంది

ఎనిమిదిన్నరైంది. ఫిబ్రవరి ఆఖరి వారం. రిసాలి క్వార్టర్ల మధ్య నుంచి స్కూటరు బయటపడి మరోదా చెరువు వైపు మళ్లగానే గాలి మోకాళ్లకి చల్లగా తగులుతుంది. మీరు వెనక సీటు మీద ఉన్నారు. ఒళ్లో గుడ్డసంచి, చేతిలో నిలువుగా పట్టుకున్న గాలపు కర్ర. స్కూటరు నడుపుతున్న మావయ్య మెడకి మఫ్లరు చుట్టుకున్నాడు. శివరాత్రి వెళ్లేదాకా దాన్ని తియ్యడు. రైలు మిల్లులో పనిచేసి రిటైరైన మనిషి. శ్రీకాకుళం నుంచి వాళ్ల నాన్న పనికోసం వచ్చేటప్పటికి భిలాయి ప్లాంటు ఇంకా పునాదుల్లోనే ఉంది.

పక్క వీధి కుర్రాళ్లు చీకటితోనే వెళ్లిపోయారని మీరంటారు. మావయ్య వెనక్కి తిరగకుండానే నవ్వుతాడు.

"ఎల్లనీ బాబూ. సూరీడు నీళ్లలోకి దిగాల కదా. దిగితేనే చేప గట్టుకొస్తాది. అంతదాకా ఆళ్లు కూకుని టీ తాగుతారు, అంతే."

మిగతా కాలాల్లో ఆయన కూడా తెల్లవారకముందే బయల్దేరతాడు. మాఘం నుంచి ఫాల్గుణం దాకా మాత్రం ఆలస్యంగానే కదులుతాడు. ఈ ఆలస్యంలో బద్ధకమేమీ లేదని ఇంకాసేపట్లో మీకే తెలుస్తుంది.

గట్టెక్కగానే ఒక్కసారిగా నీళ్లు కనిపిస్తాయి. అవతలి ఒడ్డు పలచటి మంచులో సగం కరిగిపోయి ఉంది. చెట్ల తలల మీదుగా దూరాన ప్లాంటు చిమ్నీలు. ఈ నీళ్లు ఆ చిమ్నీల కోసమే. బాలోద్ దగ్గరున్న తాందుల జలాశయం నుంచి కాలవ మీదుగా వచ్చి ఇక్కడ నిలుస్తాయి. ఆ ప్లాంటు కట్టడానికి 1955 ఫిబ్రవరిలో సోవియట్ యూనియన్‌తో ఒప్పందం కుదిరింది. 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ మొదటి బ్లాస్ట్ ఫర్నేసును ప్రారంభించారు. ఇనుము కరిగించడానికి నిప్పు ఎంత కావాలో, దాన్ని చల్లార్చడానికి నీళ్లూ అంత కావాలి. చేపలు ఆ నీళ్లలో అద్దెకున్నాయి, అంతే.

గట్టు మీద ఎక్కడో ఓ చోట కూలబడదామని మీకుంటుంది. మావయ్య ఒప్పుకోడు. పంటి కింద వేపపుల్ల కదుపుతూ నడుస్తూనే ఉంటాడు. ఆయన వెతికేవి మూడు. పొద్దుటి ఎండ సూటిగా పడే చోటు కావాలి. రాళ్ల మీద నాచు పట్టి ఉండాలి. గాలి మొహానికి కొట్టాలి. మూడోది మీకు వింతగా ఉంటుంది. గాలికి వీపు పెట్టి కూర్చుంటే గాలం దూరం పోతుంది కదా? పోతుంది. కానీ ఎండకి వేడెక్కేది నీటి పైపొర. గాలి ఆ పొరను నెట్టుకుంటూ వచ్చి ఎదుటి ఒడ్డున పోస్తుంది. అంటే మీ మొహానికి కొట్టే గాలి మీ కాళ్ల దగ్గరికి వెచ్చటి నీళ్లు తెస్తోందన్నమాట.

చోటు దొరికింది. గట్టుకి రాళ్లు పేర్చిన చోట, నీటిమట్టం కాస్త తగ్గి మూడు వరసల రాళ్లు బయటపడ్డాయి. వాటి మీద ఆకుపచ్చటి నాచు. వంగి నీళ్లలో చెయ్యి పెట్టండి. ఒడ్డున గోరువెచ్చన కాదుగాని చలి విరిగింది. మోచేతి దాకా ముంచితే కింద ఇంకా రాత్రే ఉంది.

ఇక్కడ ఈ రోజుల్లో తెల్లవారుజామున 15 డిగ్రీల దగ్గర ఉండే గాలి మధ్యాహ్నానికి 30కి చేరుతుంది. పెద్ద చెరువు అంత త్వరగా మాట వినదు. లోతు నీళ్లు రాత్రి చలిని పట్టుకుని కూర్చుంటాయి. మోకాటి లోతు నీళ్లు, కింద నల్లరాయి ఉన్న నీళ్లు, రెండు మూడు గంటల ఎండకే మారిపోతాయి. చేపకి సొంత వేడి లేదు. నీళ్లు ఎంత వెచ్చనైతే దాని ఒళ్లూ అంతే, దాని ఆకలీ అంతే. మనం శీలావతి అనీ ఇక్కడివాళ్లు రోహు అనీ పిలిచే చేప 14 డిగ్రీల లోపు నీళ్లలో బాగుపడదు. పైగా దానికి జీర్ణకోశం లేదు, గొంతు దాటాక తిన్నగా పేగే. చలిలో ఆ పేగు మెల్లగా పనిచేస్తుంది. కాబట్టి ఈ నెలలో అది వెచ్చటి చోటు వెతుక్కుంటూ వచ్చి, అంచులు కుచ్చుల్లా ఉండే పెదాలతో రాళ్ల నాచు గీక్కుంటూ, కొంచెం కొంచెంగా తింటుంది.

మావయ్య సంచి విప్పుతాడు. గోధుమపిండి, వేయించిన వేరుసెనగ పొడి, చిటికెడు సోంపు, తేనె చుక్క. అరచేతిలో వేసి చెరువు నీళ్లతోనే కలుపుతాడు. ఇంటి కొళాయి నీళ్లు పనికిరావంటాడు. దీనికి ఆధారమేమీ లేదు, ఆయనతో వాదించి లాభమూ లేదు. తవుడూ నూకా కలిపిన ముద్దలు వేరే ఉన్నాయి. రేగిపండంత ముద్దలు రెండే రెండు రాళ్ల అంచున జారవిడుస్తాడు. వానాకాలంలో అయితే దోసిళ్లతో జల్లేవాడు. ఇప్పుడు ఎక్కువ వేస్తే చేప కడుపు నిండుతుంది, మన ఎర మిగిలిపోతుంది.

కర్ర పాతది. దానికి ఇత్తడి చక్రం. కోక్ ఓవెన్లలో పనిచేసిన ఓ బెంగాలీ స్నేహితుడు రిటైరై కలకత్తా వెళ్లిపోతూ ఇచ్చిపోయాడు. బెండు నెమలి ఈక కాడ. దానికి మిరియం గింజంత సీసం. ముందు గాలానికి ఉత్త సీసం కట్టి దించి లోతు కొలుస్తాడు. మీ తుంటి లోతుంది. ఎర నేలకి జానెడు ఎత్తులో తేలేలా బెండును జరుపుతాడు. బొచ్చె పైన తింటుంది, దాని నోరే పైకి తిరిగి ఉంటుంది. ఎర్రమోసు అడుగున బురదలో తింటుంది. శీలావతి నడిమధ్య. ఈ పూట నడిమధ్యకీ అడుగుకీ తేడా జానెడే.

ఇక విసరడం. నిజానికి విసరడమంటూ లేదు. కర్ర ముందుకి చాచి దించుతాడంతే. ఒడ్డు నుంచి మూడు బారల దూరం. బెండు ఒకసారి పడుకుని, లేచి నిలబడింది.

అవతల ఇరవై గజాల్లో ఆ కుర్రాళ్లున్నారు. కొత్త కర్రలు, మెరిసే రీళ్లు. ఒకడు లేచి, ఒళ్లంతా విల్లులా వంచి విసిరాడు. సీసం గుండు ఎక్కడో నడిమధ్యలో గుభీమని పడింది. దూరం చూస్తే ముచ్చటే.

"ఒడ్డునున్న చేపని అదరగొట్టీసి నడిమికి ఇసిరీసేరు," అని మావయ్య గొంతు తగ్గించి అంటాడు. "ఇంకేటొస్తాది? నీ నీడ కూడా నీళ్లమీద పడనీకు. కూకో."

కూర్చుంటారు. ఇక చేసేదేమీ లేదు. రాళ్ల పగుళ్లలోంచి లేత ఎండ వాసన వస్తోంది. గట్టు దిగువన మోదుగు చెట్టు ఆకు రాల్చేసి మొగ్గ తొడిగింది. కొన్ని కొమ్మలకు అప్పుడే ఎర్రగా విచ్చుకున్నాయి. బుడుబుంగ మునిగి మీరనుకోని చోట తేలుతుంది. నీరుకాకి ఎండిన కొమ్మ మీద రెక్కలు చాచి ఆరబెట్టుకుంటోంది. తీతువు పిట్ట ఒకటి ఎందుకో కోపంగా అరుచుకుంటూ పోయింది. గట్టు మీద సైకిలు మీద పోతున్న మరోదా ఊరి పెద్దాయన ఆగి, "కా మిలిస్ కకా?" (ఏం దొరికింది బాబాయ్?) అని అడిగాడు. మావయ్య చెయ్యి అడ్డంగా ఊపాడు. ఆయన నవ్వుకుని వెళ్లిపోయాడు.

మావయ్య కొడుకు టొరంటోలో ఉంటాడు. అక్కడి ఒంటారియో సరస్సు గురించి ఫోనులో చెబితే తండ్రి మొదట నమ్మలేదు. ఏప్రిల్‌లో, ఒడ్డున మంచు గడ్డలు ఇంకా పూర్తిగా కరగకముందే, జనం బారులు తీరి ట్రౌట్ చేప కోసం గాలాలేస్తారట. పడవ అక్కర్లేదట. ఎందుకంటే అది ఒడ్డు వారనే తిరుగుతుంది. అసలు కారణం నీటి తత్వంలోనే ఉంది. నీళ్లు అన్నిటికంటే బరువుగా ఉండేది 4 డిగ్రీల దగ్గర. వసంతం మొదట్లో ఒడ్డు నీళ్లు 4 దాటి వెచ్చబడతాయి, నడి సరస్సు ఇంకా 4కి కిందే ఉంటుంది. రెండూ కలిసేచోట నీళ్లు సరిగ్గా 4 డిగ్రీలకొచ్చి బరువెక్కి కిందికి దిగిపోతుంటాయి. అలా నీటిలోనే నీటి గోడ ఒకటి లేస్తుంది. వెచ్చదనం ఆ గోడకి ఇవతలే, ఒడ్డు వైపునే ఆగిపోతుంది. చిన్న చేపలు అక్కడికి చేరతాయి, వాటి వెనక ట్రౌట్. ఎండలు ముదిరేసరికి గోడ కరిగి, ట్రౌట్ చల్లదనం కోసం లోతుకి పోతుంది. అప్పుడిక ఒడ్డున కూర్చున్నవాడికి పనిలేదు.

ట్రౌట్ మన దేశంలోనూ ఉంది. 1900లో స్కాట్లాండు నుంచి గుడ్లు తెచ్చి కాశ్మీరులో పొదిగించారు, తర్వాత నీలగిరులకీ చేరింది. 20 డిగ్రీలు దాటిన నీళ్లంటే దానికి కష్టకాలం, కాబట్టి ఛత్తీస్‌గఢ్ మైదానాల ఆశ దానికొద్దు. మరోదాలో ఆ నీటి గోడ కూడా లేదు, అంత చలీ లేదు. కానీ ఎండ ముందుగా ఒడ్డునే తాకుతుందన్న సంగతి రెండు చోట్లా ఒకటే. అక్కడ ఆ మంచులో నిలబడే కొడుకూ ఇక్కడ మఫ్లరు చుట్టుకున్న తండ్రీ ఒకే లెక్క మీద గాలం వేస్తున్నారు.

పది దాటింది. బెండు వణికింది.

మీ చెయ్యి కర్ర మీదికి పోతుంది. మావయ్య మీ మణికట్టు పట్టుకున్నాడు. "ఉండు ఉండు. అది ముద్దెడతాంది. మింగలేదు." బెండు మళ్లీ కదలకుండా నిలబడింది. చుట్టూ చిన్న బుడగలు తేలాయి. రాళ్ల దగ్గర నీళ్లు ఒక్క క్షణం మసకబారాయి. అడుగున ఏదో ఒళ్లు తిప్పింది. మీరు ఊపిరి బిగబట్టారు. బెండు వేలెడు పైకి లేచి, పక్కకి ఒరిగి, మాయమైంది.

"ఇప్పుడు!"

గట్టిగా లాగకూడదు. శీలావతి పెదవి మెత్తన, చిరిగిపోతుంది. మణికట్టు ఎత్తితే చాలు. ఎత్తారు. బరువు తగిలింది. మరుక్షణం చక్రం గిర్రుమని, దారం నీళ్లను కోసుకుంటూ లోతు వైపు పరుగెత్తింది. కర్ర వంగి వణుకుతోంది. అరచేతికి ఆ చేప తల విదిలింపులు ఒక్కొక్కటే అందుతున్నాయి. చక్రాన్ని ఆపాలనిపిస్తుంది. ఆపితే దారం తెగుతుంది. బొటనవేలు మాత్రం ఆనించి పోనివ్వండి. పోయింది, ఆగింది. మెల్లగా చుట్టండి. మళ్లీ పోయింది. ఈసారి అంత దూరం పోలేదు. కుర్రాళ్లు కర్రలు వదిలేసి చుట్టూ మూగారు. మూడోసారి అది పక్కకి తిరిగి పొట్ట చూపించింది. ఎర్రటి కన్ను, పొలుసుల అంచున లేత ఎరుపు. మావయ్య రాళ్ల మీద కూర్చుని వల బుట్టను ముందే నీళ్లలో ముంచి ఉంచాడు. చేపని బుట్టలోకి నడిపించారు. కిలోన్నర పైమాటే.

ఈ చేప ఇక్కడ పుట్టింది కాదు. శీలావతి వానాకాలపు ఏటి ప్రవాహంలో గుడ్లు పెడుతుంది. నిలవ నీటి చెరువుల్లో పెట్టదు. ఒడిశాలోని అంగుల్‌లో 1957 జూలై 10న హీరాలాల్ చౌధురి పిట్యూటరీ గ్రంథి సారం సూదిమందుగా ఎక్కించి మన చేపల చేత గుడ్లు పెట్టించేదాకా, ఏటి నుంచి పిల్లల్ని పట్టి తేవడమే ముఖ్యమైన దారి. ఇక్కడ బ్లాస్ట్ ఫర్నేసు లేస్తున్న రోజుల్లోనే అదీ జరిగింది. ఏటా జూలై 10న చేపల రైతుల దినం జరిపేది అందుకే. ఇప్పుడు మన చెరువుల్లో దొరికే శీలావతి చాలామటుకు హేచరీ పిల్లే.

పన్నెండున్నరకల్లా ఒక ఎర్రమోసు, వేలెడేసి పక్కి చేపలు నాలుగు పడ్డాయి. పక్కిల్ని మావయ్య నీళ్లలోకి వదిలేశాడు. ఒక కుర్రాడు మొహమాటపడుతూనే మీ పక్కన చేరి మూడు బారల్లో గాలం దించాడు. ఇంకోడు ఇంకా దూరానికే విసురుతున్నాడు. అతనికి చేప కంటే విసరడమే ఇష్టమేమో. దాన్ని తప్పనలేం. ఒంటిగంటకి గాలి తిరిగింది. రాళ్ల దగ్గర నీళ్లు తేటపడ్డాయి. మావయ్య మారు మాట్లాడకుండా దారం చుట్టేశాడు. ఈ పూటకి చేపల వేళ అయిపోయింది.

మీరూ వెళ్తానంటే రెండు మాటలు. ఇవి ప్లాంటుకి అవసరమైన నీళ్లు. ఏ వైపు కూర్చోవచ్చో, చేపల హక్కు ఎవరిదో అక్కడివాళ్లని అడిగి కూర్చోండి. తెగిన నైలాను దారం ఒడ్డున వదలకండి, నీరుకాకి కాళ్లకి చుట్టుకుంటుంది. శివరాత్రి నుంచి ఉగాది దాకా పది గంటలకి వెళ్లినా ఆలస్యమైనట్టు కాదు. ఎండలు ముదిరాక మళ్లీ తెల్లవారుజామే మేలు. జూన్ 16 నుంచి ఆగస్టు 15 దాకా ఛత్తీస్‌గఢ్ నదుల్లో, జలాశయాల్లో చేపల వేట నిషేధం, అది గుడ్లు పెట్టే కాలం. ఆ రెండు నెలలూ గాలపు కర్రను అటక మీదే ఉంచండి.