శిరోగ్రీవ నాడీ-అంతఃస్రావ అర్బుదములు: వర్గీకరణ, నిర్ధారణ చరిత్ర

నాడీకణముల లక్షణములను, హార్మోనులు స్రవించు గ్రంథికణముల లక్షణములను ఒక్కచోటనే వహించి, స్వరపేటిక, నాసికాకుహరము, మధ్యకర్ణము, లాలాజలగ్రంథులు మున్నగు స్థానములందు పుట్టు కణితులకు శిరోగ్రీవ నాడీ-అంతఃస్రావ అర్బుదములని పేరు. ఇవి అరుదైనవి, అయినను చికిత్స యావత్తు వర్గనిర్ణయముపైననే ఆధారపడియుండుటచే, వీని వర్గీకరణ చరిత్ర వైద్యులకు మిక్కిలి ప్రధానమైనది.

చరిత్ర

1907లో మ్యూనిక్ నగరమున సీగ్‌ఫ్రీడ్ ఓబెర్న్‌డోర్ఫర్, చిన్నప్రేవులలో క్యాన్సరువలె కనబడియు మందగతిని పెరుగు కణితులకు ‘కార్సినాయిడ్’ అని నామకరణము చేసెను. 1938లో ఫ్రీడ్రిక్ ఫైర్టర్ అట్టి అంతఃస్రావ కణములు దేహమున పెక్కు అవయవములందు చెదరియున్నవని ప్రతిపాదించెను. స్వరపేటిక కార్సినాయిడ్‌ను 1969లో గోల్డ్‌మన్ ప్రభృతులును, అందలి చిన్నకణ క్యాన్సరును 1972లో ఓలోఫ్సన్, వాన్ నోస్ట్రాండ్‌లును వర్ణించిరి.

అయితే ‘కార్సినాయిడ్’ అను ఆ పాతపేరు సౌమ్యతను స్ఫురింపజేయుటవలన అపాయము కలిగెను. స్వరపేటికలో అధికముగ కనబడు ‘అసాధారణ కార్సినాయిడ్’ వచ్చినవారిలో దాదాపు సగముమంది ఐదేండ్లలోపలనే మరణింతురు. 2005 నాటి ప్రపంచ ఆరోగ్య సంస్థ వర్గీకరణమున పెద్దకణ క్యాన్సరు సైతము ఈ అసాధారణ కార్సినాయిడ్ వర్గములోనే కలిసిపోయియుండెను; 2017లో దానిని వేరుపరచి, చిన్నకణ క్యాన్సరు సరసన ఉగ్రవర్గమున చేర్చిరి. 2022 నాటి ఐదవ కూర్పు, ఇతరావయవములకు వర్తించు పద్ధతినే యనుసరించి, సుభేదిత (సామాన్యకణములను పోలిన) కణితులను మూడు శ్రేణులుగను, దుర్భేదిత (ఆ పోలిక కోల్పోయిన) క్యాన్సరులను ప్రత్యేకవర్గముగను విభజించినది.

శ్రేణీకరణము

రెండు చదరపు మిల్లీమీటర్ల వైశాల్యమున విభజన నొందుచున్న కణములు రెండింటికి లోబడి, కణనాశము లేనిచో ప్రథమశ్రేణి. అవి రెండుమొదలు పదివరకు ఉన్నను, కణనాశము కనబడినను ద్వితీయశ్రేణి; పాతపేరున ‘అసాధారణ కార్సినాయిడ్’ ఇదియే. ఈ రెండింటను, కణవిభజన తీవ్రతను తెలుపు కేఐ-67 సూచిక 20 శాతమునకు లోబడియుండును. పదికి మించిన విభజనలును, 20 శాతమునకు మించిన సూచికయు గలవానిలో కణరూపము సుభేదితమైనచో తృతీయశ్రేణి, దుర్భేదితమైనచో క్యాన్సరు.

నిర్ధారణ

సాధారణ వర్ణలేపనమున సందేహము కలిగినప్పుడు సినాప్టోఫైసిన్, క్రోమోగ్రానిన్, ఐఎన్‌ఎస్‌ఎం1 అను ప్రతిరక్షక పరీక్షలు నాడీ-అంతఃస్రావ స్వభావమును తెలుపును. వానితోపాటు కెరాటిన్ పరీక్షయు చేయవలెను. ఏలయన, పారాగాంగ్లియోమా అను వేరొక కణితిలో మొదటి రెండును కనబడినను కెరాటిన్ సామాన్యముగ కనబడదు. స్వరపేటిక కణితులు కొన్ని కాల్సిటోనిన్‌ను సైతము చూపుటచే థైరాయిడ్ మెడుల్లరీ క్యాన్సరుగా భ్రమ కల్పించును. అట్టియెడ రక్తమునందలి కాల్సిటోనిన్ ప్రమాణమును, థైరాయిడ్ చిత్రణమును పరిశీలించిననే సంశయము తీరును.

ఆంధ్రదేశము

ఆంధ్రదేశమున నోటి క్యాన్సరు పరిశోధన, నిప్పుకొనను నోటిలోపల నుంచుకొని చుట్ట కాల్చు అడ్డపొగ అలవాటుతో ముడివడియున్నది. 1971లో పిండ్‌బోర్గ్ ప్రభృతులు 10,169 మంది గ్రామీణుల అంగిళ్లను పరీక్షించిన ఫలితములను ప్రకటించిరి. ఆ అంగిలి క్యాన్సరులు పొలుసుకణములకు చెందినవి. కాని స్వరపేటికలోని ఉగ్ర నాడీ-అంతఃస్రావ క్యాన్సరులకును పొగత్రాగుటయే ప్రధానకారణము. కావున వర్జీనియా పొగాకు పండించు కామవరపుకోట, జంగారెడ్డిగూడెముల మెట్టసీమనుండి తగ్గని బొంగురుగొంతుతో ఏలూరు వైద్యశాలలకు వచ్చు, పొగత్రాగు రోగి బయాప్సీ నివేదికలో ‘క్యాన్సరు’ అను మాట మాత్రమే చాలదు. కణితి వర్గము, విభజనల సంఖ్య, కేఐ-67 సూచిక తప్పక ఉండవలెను. శస్త్రచికిత్స ప్రధానముగాగల అసాధారణ కార్సినాయిడ్‌కును, ఔషధకిరణచికిత్సలు అవసరమగు చిన్నకణ క్యాన్సరుకును గల భేదమును వైద్యునకు తెలుపునది ఆ వివరములే.