కొత్తవలసలో హెచ్‌ఐవీ: కార్యకర్త మొదట కాపాడాల్సింది గుట్టు

కిరండూల్ రైలు మార్గం మొదలయ్యే కొత్తవలస జంక్షన్ నుంచి విశాఖ దగ్గరే. కూలికో, బేరానికో రోజూ వెళ్లివచ్చే జనంలో మందుల కోసం కేజీహెచ్ ఏఆర్‌టీ కేంద్రానికి వెళ్లేవారు ఎవరి కంటా పడరు. దగ్గరి ఆసుపత్రిలో తెలిసిన ముఖం ఎదురవుతుందనే భయంతో దూరం పోయేవారు ఎక్కడైనా ఉంటారు. 2004 ఏప్రిల్ 1 నుంచి ప్రభుత్వం ఏఆర్‌టీ మందులు ఉచితంగా ఇస్తోంది. 2017 నుంచి సీడీ4 లెక్కతో పని లేకుండా, పాజిటివ్ అని తేలగానే మొదలుపెడుతున్నారు. మందుకు కొరత లేదు. మందు దాకా తోడు వచ్చే మనిషికే కొరత.

ఆ తోడు సామాజిక కార్యకర్త కావాలి. కానీ ఇంటికి వచ్చి మొదట అడిగేది ‘ఎలా వచ్చింది?’ అనే అయితే తలుపు మూసుకుంటుంది. ఆ ప్రశ్నతో వైద్యానికి పని లేదు, తీర్పు చెప్పడానికే పని. దళితవాడలో గోడకు గోడ ఆనుకుని ఉంటుంది. సంస్థ పేరు రాసిన జీపు వీధిలో ఆగితే చాలు, ఎవరి ఇంటికో ఊరంతటికీ తెలుస్తుంది. పింఛను ఇచ్చేటప్పుడు అది ఏ రకమో పైకి చదవడం కూడా గుట్టు విప్పడమే.

వేరే గ్లాసు మనకు కొత్త కాదు, టీ కొట్టు దగ్గర చూసిందే. ఇప్పుడు అదే గ్లాసు సొంత ఇంట్లో పెడుతున్నారు. కలిసి తింటే, తాకితే ఈ వైరస్ సోకదని చెప్పడం సరిపోదు. కార్యకర్త ఆ ఇంట్లో కూర్చుని టీ తాగాలి. మందులు క్రమంగా వాడి రక్తంలో వైరస్ కనబడని స్థాయికి తగ్గినవారి నుంచి లైంగికంగా కూడా సోకదని భార్యాభర్తలిద్దరికీ విడమరచాలి.

2017 చట్టం 2018 సెప్టెంబరు 10న అమల్లోకి వచ్చింది. ఉద్యోగం, చదువు, వైద్యం, అద్దె ఇల్లు, వేటిలోనూ వివక్ష చూపకూడదు. రాతపూర్వక సమ్మతి లేకుండా, తనను నమ్మి చెప్పిన విషయాన్ని కార్యకర్త బయటపెట్టకూడదు. భర్త పోయిన కోడలిని అత్తింటివారు గెంటేస్తే 29వ సెక్షన్ గుర్తుచేయాలి: కలిసి బతికిన ఇంట్లో ఉండే హక్కు ఆమెకుంది. పరీక్షలో తనకు నెగటివ్ వచ్చినా, హెచ్‌ఐవీ ఉన్నవారితో కలిసి బతికినందుకు చట్టం ఆమెను రక్షిత వ్యక్తిగానే చూస్తుంది. ఈ సంగతి చాలామంది కార్యకర్తలకే తెలియదు.

మిగతావి రోజువారీ పనులు. మాత్ర తప్పకుండా చూడటం, దగ్గు తగ్గకపోతే క్షయ పరీక్షకు తీసుకెళ్లడం, గర్భిణికి పరీక్ష చేయించడం, ఏఆర్‌టీ పింఛనుకు కాగితాలు సిద్ధం చేయడం. ఎవరికీ కనబడకుండా అడగాలనుకునేవారికి 1097 ఉంది, పేరు చెప్పకుండానే మాట్లాడవచ్చు.