ఆర్థిక దిగ్బంధంపై సోషలిస్టుల తగువు: హైదరాబాద్ సంస్థానం నుంచి

ఒక రాజ్యాన్ని లొంగదీయడానికి దాని సరుకు రవాణాను, చెల్లింపులను అడ్డుకోవడమే ఆర్థిక దిగ్బంధం. దాన్ని సమర్థించాలా వద్దా అన్న విషయంలో సోషలిస్టులు ఏనాడూ ఒక్క మాట మీద లేరు. 1935లో ఇథియోపియా మీద దండెత్తిన ముస్సోలినీపై నానాజాతి సమితి ఆంక్షలు పెడితే బ్రిటిష్ లేబర్ పార్టీ ఔనంది. స్టాఫర్డ్ క్రిప్స్ నడిపిన సోషలిస్ట్ లీగ్ మాత్రం సామ్రాజ్యవాద ప్రభుత్వాల చేతికి ఆ ఆయుధం అందించరాదని ఎదురు తిరిగింది. తెలుగువాళ్లలో ఇదే తగువు 1948లో, నిజాం ఏలుబడిలో, తుపాకులు పట్టిన కమ్యూనిస్టుల నడుమ వచ్చింది.

1947 నవంబర్ 29న నిజాం, భారత ప్రభుత్వం యథాతథ ఒడంబడిక చేసుకున్నాయి. ఆ వెంటనే పేచీలు మొదలయ్యాయి. భారత రూపాయి సంస్థానంలో చెల్లదంటూ నిజాం ఆర్డినెన్స్ తెచ్చాడు, బంగారం, వెండి ఎగుమతిని కట్టడి చేశాడు, పాకిస్తాన్‌కు 20 కోట్ల రూపాయల అప్పు ఇచ్చాడు. చుట్టూ భారత భూభాగమే. సముద్రం లేదు, రేవు లేదు. 1948లో సరిహద్దుల దగ్గర సరుకు ఆగిపోయింది. మందులు సైతం రానివ్వడం లేదని నిజాం ప్రధాని మీర్ లాయక్ అలీ ప్రభుత్వం ఫిర్యాదు చేసింది. తాము దిగ్బంధం ప్రకటించలేదని ఢిల్లీ జవాబిచ్చింది. ఆస్ట్రేలియా విమాన చోదకుడు సిడ్నీ కాటన్ కరాచీ నుంచి దొంగచాటుగా ఆయుధాలు మోసుకొచ్చాడు. ఆగస్టులో నిజాం గోడు భద్రతా మండలికి చేరింది. మండలి విచారణకు కూర్చున్న సెప్టెంబర్ 16 నాటికే భారత సైన్యం లోపలికొచ్చి మూడు రోజులైంది.

స్టేట్ కాంగ్రెస్‌కు ఇందులో సందిగ్ధం లేదు. మొయినాబాద్ మండలం పెద్దమంగళారంలో పుట్టిన కొండా వెంకట రంగారెడ్డి వంటి నాయకులకు లక్ష్యం ఒక్కటే, భారత యూనియన్‌లో విలీనం. 1947 ఆగస్టు 7న మొదలైన విలీన సత్యాగ్రహంలో కమ్యూనిస్టులూ కలిశారు. సర్కారు రాబడిని దెబ్బతీయడానికి కరోడ్‌గిరి (సుంకం) నాకాలపై దాడులు జరిగాయి, తాటిచెట్లు నరికారు. దిగ్బంధం పైనుంచి రాకముందే జనం కింది నుంచి ఒకటి మొదలుపెట్టారన్నమాట.

చిక్కల్లా కమ్యూనిస్టులకే వచ్చింది. 1948 ఫిబ్రవరి, మార్చి నెలల్లో కమ్యూనిస్టు పార్టీ కలకత్తా మహాసభ బి.టి. రణదివేను ప్రధాన కార్యదర్శిని చేసి, నెహ్రూ ప్రభుత్వం ఆంగ్లో-అమెరికన్ సామ్రాజ్యవాదంతో చేతులు కలిపిందని తేల్చింది. మే 4న నిజాం కమ్యూనిస్టు పార్టీపై నిషేధం ఎత్తేశాడు. నెహ్రూది సామ్రాజ్యవాదుల పక్షమైతే, ఆయన గొంతు నులుముతున్న హైదరాబాద్ ఏ పక్షం? నగరంలోని కొందరు కమ్యూనిస్టులు ‘ఆజాద్ హైదరాబాద్’ (స్వతంత్ర హైదరాబాద్) నినాదం ఎత్తుకున్నారు. బ్రిటిష్ వారికి నమ్మకమైన మిత్రుడన్న బిరుదును దర్జాగా ధరించిన ప్రభువు రాజ్యం రాత్రికి రాత్రి సామ్రాజ్యవాద వ్యతిరేక కోట అయిపోయింది! పల్లెల్లో నిజాం పక్షాన దాడులు చేసే రజాకార్లతో పోరాడుతున్న కమ్యూనిస్టు దళాలకు ఇది మింగుడుపడే మాట కాదు. కమ్యూనిస్టులు, రజాకార్లు ఒక్కటయ్యారని ప్రచారం చేయడానికి ప్రత్యర్థులకు ఇది బాగా పనికొచ్చింది. కమ్యూనిస్టు నాయకులు రావి నారాయణరెడ్డి, పుచ్చలపల్లి సుందరయ్య తర్వాతి కాలంలో చాలా విషయాల్లో విడిపోయినా, ఈ నినాదం తప్పన్న దగ్గర ఇద్దరిదీ ఒకే మాట. దిగ్బంధం వల్ల ఉప్పు దొరకని కూలివాడి పక్షాన నిలవడం వేరు, అతణ్ణి వెట్టిలో ఉంచిన ప్రభుత్వానికి కొమ్ముకాయడం వేరు. నగరంలోని ఆ కొందరు ఈ రెంటినీ కలిపేశారు.

సామ్రాజ్యవాదం బెదిరిస్తోందన్న ప్రభుత్వం పక్షాన నిలవాలా అన్న ప్రశ్న ఇరవై ఏడేళ్లకు వేరే వేషంలో తిరిగొచ్చింది. 1975లో ఇందిరాగాంధీ ఎమర్జెన్సీ విధించి, తనను కూలదోయడానికి విదేశీ శక్తులు కుట్ర పన్నుతున్నాయన్నారు. చండ్ర రాజేశ్వరరావు ప్రధాన కార్యదర్శిగా ఉన్న సీపీఐ ఆమెను సమర్థించింది. సీపీఎం వ్యతిరేకించింది, కానీ ఆ పార్టీ ప్రధాన కార్యదర్శి సుందరయ్య సామ్రాజ్యవాద అనుకూల జనసంఘ్‌తో కలిసి నడవడం తప్పంటూ ఆ ఆగస్టులోనే రాజీనామా లేఖ రాశారు. కృష్ణా, నెల్లూరు జిల్లాల ఇద్దరు పాత సహచరులు ఒకే భూతాన్ని చూసి రెండు దిక్కులకు వెళ్లారు. 1978లో భటిండా మహాసభలో సీపీఐ తన వైఖరి తప్పని ఒప్పుకుంది.

మళ్లీ దిగ్బంధానికి వస్తే, క్యూబా విషయంలో ఇక్కడి కమ్యూనిస్టుల్లో పెద్దగా చర్చే లేదు. అమెరికా దిగ్బంధానికి జవాబుగా 1992లో సీపీఎం నేత హరికిషన్ సింగ్ సుర్జీత్ చొరవతో 10,000 టన్నుల గోధుమలు ఓడలో హవానాకు వెళ్లాయి.

ఇరాక్ అంత తేలిక కాదు. 1990 ఆగస్టు నుంచి ఐక్యరాజ్యసమితి ఆంక్షలు అక్కడి పిల్లల మందులకూ తిండికీ అడ్డుపడ్డాయి. అదే దేశంలో సద్దాం హుస్సేన్ కమ్యూనిస్టులను ఉరితీయించి ఉన్నాడు. ఇరాక్ కమ్యూనిస్టు పార్టీ యుద్ధమూ వద్దు, నియంతృత్వమూ వద్దు అంది. ఆ పార్టీ నాయకుడు హమీద్ మజీద్ మూసా 2003 జూలైలో అమెరికన్లు ఏర్పరిచిన పాలక మండలిలో సభ్యుడయ్యారు.