మన్యం జ్వరం – గోడకు కొట్టిన మందు

పాపికొండల నడుమ నుంచి దిగివచ్చిన గోదావరి ధవళేశ్వరం దగ్గర గౌతమి, వశిష్ఠ పాయలుగా చీలుతుంది. కాటన్ దొర ఆనకట్ట 1847లో మొదలై 1852లో పూర్తయింది. ఆనకట్టకు ఎగువన కొండల్లో మన కొండరెడ్ల, కోయల గూడేలు. దిగువన కాలువలు, వరిచేలు, పట్టణాలు. దోమ రెండు చోట్లా ఉంది, అది తెచ్చే జబ్బే వేరు.

దిగువన మురుగునీటిలో పెరిగే క్యూలెక్స్ దోమ బోదకాలు తెస్తుంది. దానిమీద 1955లో జాతీయ ఫైలేరియా నియంత్రణ కార్యక్రమం మొదలైంది. ఆ పనిలో సిబ్బందికి శిక్షణ ఇచ్చే కేంద్రం రాజమండ్రిలోనే వెలిసింది.

ఎగువన మలేరియా. కొండవాగుల తేటనీటిలో పెరిగే అనాఫిలిస్ దోమ దీన్ని తెస్తుంది. 1879 నాటి రంప తిరుగుబాటును అణచడానికి వచ్చిన పోలీసులు, సిపాయిలు ఈ జ్వరంతో మంచాన పడ్డారు. మన్యం మనల్ని కాచిందని ఈ సంగతి గొప్పగా చెప్పుకుంటాం. అయితే అదే జ్వరం మన పసిబిడ్డలనూ గర్భిణులనూ పొట్టన పెట్టుకుందన్నది కూడా మన చరిత్రే.

దోమ కడుపులో మలేరియా క్రిమిని రొనాల్డ్ రాస్ 1897లో సికింద్రాబాదులో కనిపెట్టాడు. స్వాతంత్ర్యం వచ్చాక, 1953లో జాతీయ మలేరియా నియంత్రణ కార్యక్రమం కింద ఇళ్ల గోడలకు డీడీటీ కొట్టడం మొదలైంది. రక్తం తాగిన దోమ గోడమీద వాలుతుంది, మందు కాళ్లకు అంటి చస్తుంది. కిటుకు అంతే. 1947లో దేశంలో ఏటా ఏడున్నర కోట్లుగా అంచనా వేసిన కేసులు 1961 నాటికి 50 వేలకు దిగివచ్చాయి. జబ్బు పోయిందనుకుని పట్టు సడలించారు, దోమ కూడా డీడీటీకి అలవాటు పడింది. 1976లో కేసులు మళ్లీ 64 లక్షలకు చేరాయి. ఆ తర్వాత సింథటిక్ పైరిత్రాయిడ్ మందులు, మందు పూసిన దోమతెరలు వచ్చాయి.

మందు మారినా చిక్కు ఒకటి మారలేదు. మందు కొట్టిన గోడను పండగకని మట్టితో, పేడతో అలికితే మందు పూత కిందికి పోతుంది, దోమ బతుకుతుంది. వాసనకో, మరకకో జంకి దేవుడి మూలను, పడకటింటిని వదిలేయమంటే దోమకు దాగే చోటు మనమే చూపినట్టు. ఇది పెద్దల తప్పు కాదు. పంపు పట్టుకు వచ్చినవాళ్లు ఎందుకు కొడుతున్నామో మన భాషలో విడమరచి చెబితే తలుపు తీసేవారు కారా?

చదువుకున్న తమ్ముళ్లారా, చెల్లెళ్లారా! ఆ చెప్పే పని ఇప్పుడు మీది. వానలకు ముందే గూడెంలో కూర్చోండి. అలకడం మందుకు ముందే ముగించమని అమ్మలకు చెప్పండి. మందు కొట్టేవారికి ప్రతి గదీ దగ్గరుండి చూపించండి. జ్వరం వస్తే ఆ రోజే రక్తపరీక్ష చేయించండి.