మేరీ బిస్కెట్టూ, మా అమ్మమ్మ మడీ

మూడేళ్లు నిండేసరికి మా మనవరాలు కాళ్లూ చేతులూ పుల్లల్లా, పొట్ట బుంగలా తయారైంది. విరేచనాలు ఓ పట్టాన కట్టేవి కావు. ఇలాంటప్పుడు మనం ఏం చేస్తామో మీకు తెలియనిదా? తేలిగ్గా అరుగుతుందని పాలల్లో మేరీ బిస్కెట్టు ముంచి పెడతాం. నేనూ అదే పెట్టాను, ఏడాదిపాటు, ఈ చేత్తోనే. చివరికి కాకినాడలో రక్తపరీక్షా, పేగు పరీక్షా అయ్యాక తేలిందేమిటంటే, పిల్లకి సీలియాక్ అనే జబ్బుట. గోధుమలో గ్లూటెన్ అనే జిగురుంటుందే, అదే దాని పేగుల్ని లోపల్నించి దెబ్బ తీస్తోందిట. పథ్యమనుకుని నేను పెట్టిందే దాని రోగమన్నమాట! ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

తరవాత ఆ బిస్కెట్టు పుట్టుపూర్వోత్తరాలు వెతికాను. విక్టోరియా మహారాణిగారి కొడుక్కీ, రష్యా చక్రవర్తి కూతురు మారియాకీ 1874లో పెళ్లయితే, ఆ పేరు మీద లండన్‌లో చేసిన బిస్కెట్టుట. రాజుల ఇంటి పెళ్లి తాలూకు పిండివంట అంబాజీపేటలో రోగిష్టి పిల్లల పథ్యం అయి కూర్చుందంటే ఎంత విడ్డూరం!

నేనొక్కదాన్నే పొరపాటు పడ్డానా అంటే, పెద్ద పెద్ద డాక్టర్లూ పడ్డారు. 1924లో న్యూయార్కులో సిడ్నీ హాస్ అనే పిల్లల డాక్టరు ఇలాంటి పిల్లలకి రొట్టె మాన్పించి, అరటిపళ్లు పెట్టి బతికించాడు. గొప్పంతా అరటిపండుకే కట్టబెట్టారు. రొట్టె మానడం వల్ల బాగుపడ్డారన్న ఊహే రాలేదు. హాలండులో విల్లెమ్ డిక్కె అనే ఆయనకి మాత్రం ముందునించీ గోధుమ మీదే అనుమానం. 1944-45 చలికాలంలో యుద్ధం మూలంగా అక్కడ ఘోరమైన కరువొచ్చింది. జనం తులిప్ దుంపలు వండుకు తిన్నారు. ఊరంతా చిక్కిపోతుంటే ఈ జబ్బు పిల్లలు మాత్రం తేరుకున్నారు. రొట్టె మళ్లీ దొరకగానే మళ్లీ పడ్డారు. 1950లో ఆయన తన సిద్ధాంతగ్రంథంలో అంతా రాసిపెట్టాడు. కన్నతల్లులు పస్తులున్న ఆ రోజుల్లో పిల్ల తేరుకుంటుంటే ఏమనుకుని ఉంటారో!

మా అమ్మమ్మ బిస్కెట్టు ముట్టుకునేది కాదు. "గుడ్డు వేశారో, ఏ చేత్తో చేశారో" అనేది. ఈ శంక మా అమ్మమ్మ ఒక్కర్తిదే కాదు. 1898లో ఢిల్లీలో హిందూ బిస్కెట్ కంపెనీ అని ఆ పేరుతోనే ఒకటి వెలిసిందంటే, దేశమంతా ఎంత పట్టింపు ఉండేదో చూసుకోండి. ఆ మడిలో సాటి మనిషి మీద చిన్నచూపూ ఉంది, దాన్ని నేను వెనకేసుకురాను. కానీ ఆవిడ వంటింటిని ఇప్పుడు తలుచుకుంటే ఆశ్చర్యం వేస్తుంది. కొబ్బరి లౌజు, చలిమిడి, అరిసెలు, పనసాకు బుట్టల్లో ఉడికే మా ఊరి పొట్టిక్కలు. గోధుమ ఎక్కడుందండీ వీటిల్లో? 1852లో ధవళేశ్వరం ఆనకట్ట అయ్యాక మా డెల్టాకి వరే సర్వస్వం. అమెరికాతో 1956లో ఒప్పందం కుదిరి, ఆ మీదట 1965-66 కరువులో ఓడల మీద గోధుమలు దిగాకే మాలాంటి ఇళ్లకి అవి అలవాటయ్యాయి. అమ్మమ్మ వాటితో ఓసారి ఉప్మా చేసి, "ఇదేం తిండే" అని గేదెకి పెట్టేసింది.

పిల్ల మాత్రం బిస్కెట్టే కావాలని ఏడుపు. పేగు మానేదాకా పాలు కూడా వద్దన్నారు, కనక వెన్నా నెయ్యీ లేవు. గుడ్డు మా ఇంట్లో సరేసరి. ఇలా పాలూ గుడ్డూ ఏవీ తగలని తిండికి ఇంగ్లండులో డొనాల్డ్ వాట్సన్ అనే ఆయన వీగన్ అని పేరు పెట్టాడుట, అదీ 1944లోనే!

మొదటి వాయి పట్టుకుంటే పొడైపోయింది. మరి గోధుమపిండిని కలిపి ఉంచేదే ఆ జిగురు, బియ్యప్పిండికి అది లేదు. అప్పుడు అరిసె గుర్తొచ్చింది. దాన్ని పట్టి ఉంచేది బెల్లమే కదా! రెండు గ్లాసుల బియ్యప్పిండి, గ్లాసుడు ఎండుకొబ్బరి పొడి, ముప్పావు గ్లాసు బెల్లం కొద్ది నీళ్లలో కరిగించి కాచిన పాకం, కాసిని ఏలకులు. చెంచాడు అవిసెగింజల పొడి మూడు చెంచాల నీళ్లలో నానిస్తే గుడ్డు తెల్లసొనలా సాగుతుంది, అదీ కలిపాను. వెన్న బదులు అర గ్లాసు కొబ్బరినూనె. ఇక్కడ మా కోడలు ముక్కు మూసుకుంది. దేశదేశాలకీ లారీల మీద కొబ్బరికాయలు పంపే ఊరే గానీ, మాకు కొబ్బరినూనె తలకే తప్ప నోటికి కాదండీ! అయితే వెన్నలాగే అదీ 24 డిగ్రీల లోపు గడ్డకడుతుంది, అందుకే బిస్కెట్టుకి పనికొస్తుంది.

ఓవెన్ లేదు. అమ్మమ్మ మినపరొట్టె కాల్చిన మందపాటి ఇత్తడి గిన్నే దించాను. అడుగున సన్నని సెగ, మూత మీద కొబ్బరిచిప్పల నిప్పులు. బేకింగ్ అంటే పైనా కిందా వేడే కదా! అంచులు ఎర్రబడగానే తీసి, పూర్తిగా చల్లారేదాకా ముట్టుకోలేదు. విరగలేదు.

అసలు తంటా పిండిమర దగ్గరొచ్చింది. ముందొకరు గోధుమలు ఆడించుకుని వెళితే, ఆ మరలో మిగిలిన పిండి చాలు పిల్ల మళ్లీ మంచం పట్టడానికి. కొట్లో దొరికే ఇంగువలో కూడా గోధుమపిండి కలుపుతారని అప్పుడే తెలిసింది. పిండి ఇంట్లోనే తిరగలిలో విసురుకుంటున్నాం. పిల్ల జల్లెడ వేరు, గరిటె వేరు, డబ్బా వేరు. చపాతీలు ఒత్తిన చేత్తో వాటిని ఎవరు ముట్టుకున్నా నేను కేకలేస్తాను.

మొన్న మా కోడలు చేతులు కడుక్కొచ్చి, గుమ్మం అవతలే నిలబడి అంది: "అత్తయ్యగారూ, మడి కట్టుకోమంటారా, లోపలికి రావచ్చా?"