రాయగడ మీద కౌన్సిళ్ల తగువులు

రాయగడ బజారులో కొట్టు మీద బోర్డు ఒడియాలో ఉంటుంది, లోపల బేరం తెలుగులో సాగుతుంది. పొరుగూరి చుట్టాలకు ఇది వింత. ఊరివాళ్లకు కాదు. 1936 మార్చి 31 రాత్రి దాకా రాయగడ మద్రాసు ప్రెసిడెన్సీలో, విశాఖపట్నం జిల్లాలో, జయపురం ఎస్టేటులో ఉండేది. తెల్లారేసరికి ఒరిస్సా రాష్ట్రంలో, కోరాపుట్ జిల్లాలో ఉంది. ఊరు కదల్లేదు, జనం కదల్లేదు. కదిలినవి కాగితాలు, అవి కూడా నూరేళ్ల పాటు.

కథ 1832లో మొదలైంది. పర్లాకిమిడి, విశాఖపట్నం ప్రాంతాల జమీందారీల్లో తిరుగుబాట్లు చెలరేగితే, మద్రాసు ప్రభుత్వం జార్జి రస్సెల్‌ను స్పెషల్ కమిషనరుగా పంపింది. కొండల్లో మామూలు కోర్టులు, మామూలు రెగ్యులేషన్లు నడవవని ఆయన తేల్చాడు. అయితే ఆ మాటను చట్టం చేసే అధికారం మద్రాసు కౌన్సిలుకు లేదు. 1833 చార్టర్ చట్టం దాన్ని ఊడబెరికి కలకత్తాలోని గవర్నర్ జనరల్ కౌన్సిలు చేతిలో పెట్టింది. అందుకే మద్రాసుకు తగిలిన తలనొప్పికి కలకత్తా మందు రాసింది. అదే 1839 నాటి 24వ చట్టం. దాంతో కలెక్టరే ‘ఏజెంటు’ అయ్యాడు. పన్ను వసూలు ఆయనదే, పోలీసు ఆయనదే, తీర్పూ ఆయనదే. ఏజెన్సీ అనే మాట ఈ కొండలకు అతుక్కున్నది అప్పుడే.

చట్టం వచ్చినంత మాత్రాన అధికారి కొండెక్కలేదు. 1849 నాటికి జయపురం రాజకుటుంబంలో వర్గాలు పుట్టి రచ్చకెక్కాయి. అప్పటి ఏజెంటు పాట్రిక్ స్మోలెట్ జోక్యం చేసుకుని, గుణుపురం వైపు తాలూకాలను తన అదుపులోకి తెచ్చుకున్నాడు. ఘాట్ల పైనున్న జయపురంలో కూడా పోలీసు, న్యాయం తన చేతికే ఇవ్వాలని 1855లో గట్టిగా పట్టుబట్టాడు. మద్రాసు సరేనంది. కలకత్తాలోని గవర్నర్ జనరల్ డల్హౌసీ ప్రభుత్వం ఒప్పుకోలేదు. అడవుల్లో, కొండల్లో ఏళ్ల తరబడి యుద్ధం నెత్తికెత్తుకోవలసి వస్తుందని దాని భయం. ఝాన్సీనీ, నాగపూర్‌నూ సామ్రాజ్యంలో కలిపేసుకున్న డల్హౌసీ, జయపురం దగ్గరకొచ్చేసరికి వెనకడుగు వేశాడు! బహుశా ఈ కొండల్లో మలేరియాకున్న పేరు కూడా ఆయన చెవిన పడి ఉంటుంది.

స్మోలెట్ ఇంగ్లండు వెళ్లి, 1858లో మద్రాసు పరిపాలనను దుమ్మెత్తిపోస్తూ పుస్తకం అచ్చేశాడు. మరుసటి ఏడు పార్లమెంటు సభ్యుడయ్యాడు. 1860లో జయపురం రాజు పోయాక పాత ప్రతిపాదన మళ్లీ పైకొచ్చి, ఈసారి నెగ్గింది. 1863లో లెఫ్టినెంట్ స్మిత్ అసిస్టెంట్ ఏజెంటుగా జయపురంలో దిగాడు. నేరుగా ఇంగ్లీషువాడి పాలన ఘాట్ల పైకి ఎక్కింది ఆ ఏడే.

అసలు పేచీ 1931లో. కొత్తగా ఏర్పడబోయే ఒరిస్సా రాష్ట్రం సరిహద్దులు తేల్చడానికి ఓడొనెల్ కమిటీ వేశారు. అనుబంధ సభ్యులుగా ఒడియాల తరఫున పర్లాకిమిడి రాజా కృష్ణచంద్ర గజపతి, తెలుగువారి తరఫున విశాఖ న్యాయవాది సి.వి.ఎస్. నరసింహరాజు కూర్చున్నారు. నరసింహరాజు అంతకుముందే మద్రాసు శాసనమండలికి అధ్యక్షత వహించిన మనిషి. ఏజెన్సీని ఒరిస్సాకు ఇవ్వాలని 1932లో కమిటీ చెప్పింది. 1933లో బ్రిటిష్ ప్రభుత్వ శ్వేతపత్రం జయపురాన్నీ పర్లాకిమిడినీ పక్కన పెట్టింది. 1934లో పార్లమెంటు సంయుక్త కమిటీ దాన్ని తిరగేసి జయపురాన్నీ, పర్లాకిమిడిలో కొంత భాగాన్నీ ఒరిస్సాకు ఇచ్చింది. రెండేళ్లలో మూడు తీర్పులు! కొండజాతులైన సవరలకో, కొంధులకో మాత్రం ఈ కమిటీల్లో ఒక్క కుర్చీ కూడా దక్కలేదు.

ఆ రోజుల్లోనే జయపురం మహారాజు విక్రమదేవ వర్మ ఆంధ్ర విశ్వవిద్యాలయానికి ఏటా లక్ష రూపాయలు ఇస్తున్నాడు. ఎస్టేటు ఒరిస్సాకు పోయింది, ఆయన పేరు వాల్తేరు సైన్సు కాలేజీకి పెట్టారు.

సరిహద్దు గీత మారాక కోర్టు దారి కూడా మారింది. ఒరిస్సాకు హైకోర్టు లేదు కనుక, 1948 జూలైలో కటక్‌లో సొంత హైకోర్టు వచ్చేదాకా రాయగడ వ్యాజ్యాలకు పై కోర్టు పట్నా. భూమి విషయంలో మాత్రం మద్రాసు వదల్లేదు. కొండజాతి మనిషి భూమి ఏజెంటు అనుమతి లేకుండా పరాయివాడి చేతికి పోకూడదన్న 1917 నాటి మద్రాసు చట్టమే రాష్ట్రం మారాక కూడా ఇరవై ఏళ్లు ఇక్కడ చెల్లింది. 1956లో ఒరిస్సా రెండో రెగ్యులేషన్ దాని స్థానంలోకి వచ్చింది. దాన్ని తర్వాత ఇంకా బిగించారు. రాయగడలో స్థలం బేరమాడే తెలుగువారు ధర అడిగే ముందు ఆ రెగ్యులేషన్ ఏమంటోందో తెలుసుకోవాలి.